పికప్ ట్రక్కుకి సొంతంగా కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్: పైపు సైజు, మాఫ్ సెన్సార్, హీట్ షీల్డ్ సందేహాలు

ఆరుసిలిండర్:

బండి 4.0 లీటర్ల వి6 పెట్రోల్ పికప్ ట్రక్కు. టర్బో లేదు. రెడ్‌లైన్ 5500 ఆర్‌పీఎం. ఫ్యాక్టరీ ఎయిర్ బాక్స్ పీకేసి పైపు, కోన్ ఫిల్టర్, హీట్ షీల్డ్ అన్నీ సొంతంగా కట్టుకుందామని ఆలోచన. రెడీమేడ్ కిట్ వద్దు. షీటు కోయడం, డ్రిల్లింగ్ వచ్చు. అల్యూమినియం వెల్డింగ్ రాదు, కావాలంటే బయట చేయించుకుంటా.

కొలతలు ఇవి. ఎక్సలేటర్ తొక్కితే తెరుచుకుని ఇంజిన్‌కి గాలి వదిలే థ్రాటిల్ బాడీ మూతి బయటి వ్యాసం 76 మి.మీ. ఇంజిన్‌లోకి పోయే గాలిని కొలిచే మాఫ్ సెన్సార్ ఎయిర్ బాక్స్ మూతకే అతుక్కుని ఉన్న ప్లాస్టిక్ గొట్టంలో రెండు స్క్రూలతో దిగి ఉంటుంది. ఆ గొట్టం లోపలి వ్యాసం 73 మి.మీ. సెన్సార్‌కి 5 వైర్లు, అంటే గాలి వేడి చూసే ఐఏటీ కూడా అందులోనే. వాల్వ్ కవర్ నుంచి 16 మి.మీ. రబ్బర్ గొట్టం ఒకటి వచ్చి ఇన్‌టేక్ పైపులో కలుస్తుంది. ఎయిర్ బాక్స్ గాలి తీసుకునే మూతి హెడ్‌లైట్ వెనక, ఫెండర్ అంచున ఉంది.

సందేహాలు:

1. 110 మి.మీ. పీవీసీ డ్రైనేజీ పైపు చాలా మంది వాడుతున్నారు. పనికొస్తుందా?
2. పైపు ఎంత లావుంటే అంత మంచిదా?
3. కొత్త పైపుకి బొక్క పెట్టి మాఫ్ సెన్సార్ అందులో దించేయొచ్చా?
4. వాల్వ్ కవర్ గొట్టం తీసేసి అక్కడ బుల్లి ఫిల్టర్ పెడితే సరిపోతుందా?
5. ఫిల్టర్ బంపర్ వెనక కిందకి దించాలా, పాత బాక్స్ ఉన్న చోటే ఉంచాలా?

---

స్పానర్13:

మూడోదానితో మొదలుపెడతా. ఇంజిన్‌కి దెబ్బ తగిలేది ఎక్కువగా అక్కడే కాబట్టి. ఫిల్టర్ నీళ్లలో మునగడం తప్ప, మిగతావాటిలో చాలా వరకు తేడా వస్తే పవర్ కొంచెం తగ్గుతుంది, అంతే.

మాఫ్ సెన్సార్ మొత్తం గాలిని కొలవదు. గొట్టం మధ్యలో తన ముక్కు ముందు నుంచి పోయే కాస్త గాలినే వేడి తీగతో కొలుస్తుంది. "గొట్టం 73 మి.మీ., ఇక్కడ ఇంత వేగం ఉంది, కాబట్టి మొత్తం ఇంత" అని ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటర్) ఒక పట్టిక ఉంటుంది. మీరు అదే సెన్సార్‌ని 86 మి.మీ. పైపులో దించారనుకోండి. అడ్డకోత వైశాల్యం 1.39 రెట్లవుతుంది. అదే గాలి అంత నెమ్మదిగా పోతుంది, సెన్సార్ దాదాపు 28 శాతం తక్కువ చూపిస్తుంది. ఈసీయూ ఆ లెక్కకే పెట్రోల్ కొడుతుంది, మిక్స్చర్ లీన్ అయిపోతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోల్ ఉండదు. ఐడిలింగ్‌లో, మామూలు నడకలో పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్ చూసి కొంత సర్దుకుంటుంది గానీ ఆ సర్దుబాటుకి ఒక హద్దు ఉంటుంది, చాలా బండ్లలో అది 25 శాతం ప్రాంతం. ఎక్సలేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఆక్సిజన్ సెన్సార్ మాట ఈసీయూ అప్పటికప్పుడు వినదు. లోడు మీద లీన్‌గా నడిస్తే నాకింగ్ (పెట్రోల్ అదుపు లేకుండా పేలడం) మొదలవుతుంది, పిస్టన్ నెత్తి కాలుతుంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగి పి0171, పి0174 (మిక్స్చర్ లీన్) కోడ్లు వచ్చాయంటే ఆ బండి ఇంకా అదృష్టవంతురాలే.

కాబట్టి సెన్సార్ దిగే గొట్టం లోపలి వ్యాసం 73 నుంచి ఒక్క మిల్లీమీటరు కూడా మారకూడదు. మీ మోడల్‌కే చెందిన పాత ఎయిర్ బాక్స్ మూత ఒకటి స్క్రాప్‌లో సంపాదించండి. మీ బండిది కోయకండి, తేడా వస్తే వెనక్కి పెట్టుకోవడానికి కావాలి. స్క్రాప్ మూతలోంచి మాఫ్ గొట్టాన్ని సెన్సార్‌కి అటూ ఇటూ కనీసం 40 మి.మీ. వదిలి కోయండి, ఆ 40లోనే కప్లర్ (పైపుల్ని కలిపే సిలికోన్ గొట్టం ముక్క) కూర్చోవాలి. గొట్టం మూతిలో తేనెపట్టులాంటి జాలీ ఉంటే దాన్ని పీకొద్దు. "గాలికి అడ్డం" అని చాలా మంది తీసి పారేస్తారు. గాలి సుడులు విరగ్గొట్టి తిన్నగా సెన్సార్ మీదికి పంపేది అదే. గొట్టం మీద గాలి దిశ చూపే బాణం ఉంటుంది, అది ఇంజిన్ వైపే చూడాలి. సెన్సార్ పాత బాక్స్‌లో ఏ కోణంలో ఉందో ఇక్కడా అదే కోణం.

ఇంకో మెలిక ఉంది. మాఫ్‌కి ముందు కనీసం 150 మి.మీ. తిన్నటి పైపు ఉండాలి. వంపు తిరగ్గానే సెన్సార్ వస్తే, వంపు బయటి వైపు గాలి వేగంగా, లోపలి వైపు నెమ్మదిగా పోతుంటుంది. సెన్సార్ ముక్కు ఎటు పడితే ఆ లెక్క వస్తుంది, అది కూడా ఆర్‌పీఎంని బట్టి మారుతూ. దాని తర్వాత 100 మి.మీ. తిన్నగా ఉంటే చాలు. చోటు లేక ఫిల్టర్‌ని మాఫ్ గొట్టానికే నేరుగా తగిలించాల్సి వస్తే, మూతి లోపల గంటలా గుండ్రంగా విచ్చుకుని ఉన్న ఫిల్టరే తీసుకోండి. చదును అంచు ఉన్నది వద్దు.

పైపు లావు సంగతి. ఫోర్ స్ట్రోక్ కాబట్టి ఒక్క తిరుగుడుకి సగం సీసీ, అంటే 2 లీటర్లు. 5500 దగ్గర నిమిషానికి 11,000 లీటర్లు. సిలిండర్లు 85 శాతం నిండుతాయనుకుంటే 9350. అంటే సెకనుకి సుమారు 156 లీటర్లు. ఈ గాలి 73 మి.మీ. పైపులో సెకనుకి 37 మీటర్ల వేగంతో పోతుంది, 86లో 27 మీటర్లు, మీ 110 పీవీసీలో (లోపల 104 అనుకుందాం) 18 మీటర్లు. నున్నగా కాకుండా కోసి అతికించిన మొండి వంపు ఒక్కోటి ఆ వేగానికి ఉన్న ఒత్తిడినంతా మింగేస్తుంది. 73లో అది 820 పాస్కల్, 86లో 430, 104లో 200. మొత్తం వాతావరణ పీడనం లక్షా చిల్లర పాస్కల్ కదా, 86 నుంచి 104కి వెళ్తే వంపుకి మిగిలేది 0.2 శాతం. పైగా 73 మాఫ్ గొట్టంలోంచి ఒక్కసారిగా 104లోకి గాలి విచ్చుకుంటే ఆ మెట్టు దగ్గరే సుమారు 210 పాస్కల్ పోతుంది. చేతికొచ్చింది నోటికి రాలేదన్నట్టే. బయటి వ్యాసం 89 మి.మీ., గోడ మందం 1.6 ఉన్న అల్యూమినియం పైపు తీసుకోండి, లోపల సుమారు 86 వస్తుంది. వంపులు మాండ్రెల్ బెండ్ (లోపల అచ్చు పెట్టి, గుండ్రం చెడకుండా వంచినవి) అయి ఉండాలి. సైలెన్సర్ షాపుల్లో నొక్కి వంచే పైపు వంపు దగ్గర చప్పిడి ముక్కులా అణిగిపోతుంది.

పీవీసీ వద్దు. 80 డిగ్రీల ప్రాంతంలో మెత్తబడుతుంది. బండి ఆపిన పది నిమిషాలకి బానెట్ కింద, ముఖ్యంగా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర, ఆ వేడి సులువుగా వస్తుంది. మెత్తబడ్డ పైపు మీద ఇంజిన్ పీల్చుడు పడితే గుండ్రం పోయి కోలగా మారుతుంది, క్లాంపు వదులై కొలవని గాలి లోపలికి దూరుతుంది. అయితే నమూనా కట్టుకోవడానికి పీవీసీని మించింది లేదు. ముందు పీవీసీ ముక్కలతో, టేపుతో దారి మొత్తం కట్టి చూసుకుని, ఆ కోణాలు అల్యూమినియం మీదికి దించుకోండి.

పైపు కోసేటప్పుడు ఒక కాగితం పట్టీని చుట్టూ చుట్టి, దాని అంచులు కలిసేలా పట్టుకుని గీత గీయండి. అంచులు కలిస్తే కోత నిటారుగా వచ్చినట్టే. కోశాక లోపలి అంచు ఆకురాయితో గుండ్రం చేయండి. మూతికి 8 మి.మీ. లోపల చిన్న ఉబ్బు గీత (బీడు) వేయించండి, అది లేకపోతే సిలికోన్ కప్లర్ కొన్నాళ్లకి జారుతుంది. కప్లర్లు నాలుగు పొరలవి, 75 మి.మీ. పొడవు. థ్రాటిల్ బాడీ దగ్గర మాత్రం 76 నుంచి 89కి విచ్చుకునేది, మధ్యలో బుడిపె ఉన్నది పెట్టండి. ఎక్సలేటర్ తొక్కితే ఇంజిన్ తన మౌంట్ల మీద పక్కకి వాలుతుంది. ఫిల్టర్ బాక్స్ బాడీకి బిగించి ఉంటుంది. మధ్యలో పైపు బిర్రుగా ఉంటే కప్లర్ ఊడొస్తుంది, లేదంటే థ్రాటిల్ బాడీ ప్లాస్టిక్ అంచు పగులుతుంది. పైపుకి ఆసరా ఇచ్చే బ్రాకెట్టుకి కూడా రబ్బర్ బుష్ ఉండాలి. క్లాంపు సందుల్లోంచి సిలికోన్ ఉబికి వస్తుంటే బిగింపు ఎక్కువైనట్టు, అర తిప్పు వెనక్కి వదలండి.

వాల్వ్ కవర్ గొట్టం. అక్కడ బుల్లి ఫిల్టర్ పెట్టకండి. పీసీవీ వాల్వు ఐడిలింగ్‌లో క్రాంక్‌కేసులోంచి (ఇంజిన్ కింద నూనె ఉండే భాగం) గాలి లాగుతుంటే, ఆ లోటు పూడ్చే గాలి ఈ గొట్టంలోంచే లోపలికి వెళ్తుంది. అది మాఫ్ కొలిచిన గాలే అయి ఉండాలి, అంటే గొట్టం మాఫ్‌కి, థ్రాటిల్‌కి మధ్య కలవాలి. బుల్లి ఫిల్టర్ పెడితే కొలవని గాలి ఇంజిన్‌లోకి పోతుంది, ఐడిలింగ్ లీన్ అవుతుంది. ఎక్సలేటర్ పూర్తిగా తొక్కినప్పుడు దారి తిరగబడి అందులోంచి నూనె ఆవిరి బయటికొచ్చి ఇంజిన్ అంతా జిడ్డు చేస్తుంది. వెల్డింగ్ రాదన్నారు కదా, పక్కకి 16 మి.మీ. కొమ్ము ఉన్న సిలికోన్ కప్లర్లు దొరుకుతాయి, అది పెడితే పైపుకి బొక్కే అక్కర్లేదు.

ఒక్క మాట ఖచ్చితంగా గుర్తుంచుకోండి: ఫిల్టర్ తర్వాత, ఇంజిన్ వైపు, పాప్ రివెట్ ఒక్కటి కూడా వాడొద్దు. దాని తోక విరిగి పడితే దారి సిలిండర్‌లోకే. లోపల నట్టు ఉండే ఫిట్టింగ్ కూడా అంతే. డ్రిల్లింగ్ అయ్యాక పైపు లోపల సబ్బు నీళ్లతో కడిగి, తెల్ల గుడ్డ దోపి లాగండి, గుడ్డ మీద మెరుపు రవ్వ కనిపించినంత సేపూ కడుగుతూనే ఉండాలి.

---

ట్రిమ్_లెక్క:

స్పానర్13 గారు చెప్పినవాటికి నాదీ అదే మాట, ఒక్కటి తప్ప. పైపు గురించి ఇంత రాసి బాక్స్ గురించి రెండు ముక్కలు కూడా రాయలేదు. గాలిని చల్లగా ఉంచేది పైపు కాదు.

లెక్క చూడండి. 60 సెం.మీ. పొడవున్న పైపులో 27 మీటర్ల వేగంతో పోయే గాలి ఉండేది సెకనులో యాభయ్యో వంతు. పైపు ఎంత కాలుతున్నా ఆ గాలి వేడెక్కడానికి టైమే లేదు. పైపుకి చుట్టే వేడి ఆపే టేపులు, బంగారు రంగు రేకులు చూడ్డానికి బాగుంటాయి, అంతే. కానీ ఫిల్టర్ పీల్చేదే రేడియేటర్ దాటి వచ్చిన గాలి అయితే ఆట అక్కడే అయిపోయింది. ప్రతి 3 డిగ్రీల వేడికి గాలి సాంద్రత సుమారు 1 శాతం తగ్గుతుంది. 25 డిగ్రీల గాలికి బదులు 55 డిగ్రీల గాలి పీలిస్తే 9 శాతం గాలి పోయినట్టు. దానికి తోడు ఐఏటీ వేడి చూపిస్తే నాకింగ్ భయంతో ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగుతుంది. షీల్డు లేకుండా కోన్ ఫిల్టర్‌ని బానెట్ కింద ఊరికే వదిలేసేదాన్ని కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ అనడం నాకు ఇప్పటికీ అర్థం కాదు. చప్పుడు పెరుగుతుంది, మనిషి పికప్ పెరిగిందనుకుంటాడు.

బాక్స్ కట్టే పద్ధతి: ముందు అట్టతో. పాత బాక్స్ బోల్టు రంధ్రాలనే వాడేలా అడుగు భాగం కోసుకోండి, బాడీకి కొత్త బొక్కలు అక్కర్లేదు. ఇంజిన్ వైపు ఒక గోడ, రేడియేటర్ వైపు ఒక గోడ, మిగతా రెండు వైపులా ఫెండరూ, హెడ్‌లైట్ వెనక భాగమూ గోడలవుతాయి. అట్ట కుదిరాక దాన్ని 1.5 మి.మీ. అల్యూమినియం షీటు మీద పరిచి గీసి కోయండి. వంపు గీత దగ్గర అట్ట మందం లెక్కలోకి రాకుండా చూసుకోండి, లేకపోతే మూలల్లో 3, 4 మి.మీ. సందులొస్తాయి. పైఅంచుకి ఉబ్బు రబ్బర్ పట్టీ తొడిగితే బానెట్ మూసినప్పుడు నొక్కుకుని సీలవుతుంది. పైపు బాక్స్ గోడలోంచి వెళ్లే రంధ్రం 100 మి.మీ. కోసి, అంచుకి రబ్బర్ ట్రిమ్ వేయండి. షీటు అంచు పైపుని తాకుతూ ఉంటే వైబ్రేషన్‌కి పైపుని రంపంలా కోసేస్తుంది.

ఎత్తు చూడటానికి పిల్లలు ఆడుకునే మట్టి ఉండలు చాలు. ఫిల్టర్ నెత్తి మీద, పైపు వంపు మీద, బాక్స్ మూలల మీద గోళీ సైజు ఉండలు పెట్టి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి బానెట్ మూసి తెరవండి. అణిగిన ఉండ మందం కొలవండి. ఫిల్టర్, పైపుల మీద 12 మి.మీ. కంటే తక్కువ ఉంటే బానెట్ తగులుతుంది. రబ్బర్ పట్టీ మీద మాత్రం ఉండ పూర్తిగా అణగాలి, అణక్కపోతే అక్కడ సీల్ లేనట్టు. ఫ్యాన్ బెల్టుకి, పైపుకి మధ్య 25 మి.మీ. ఉండాలి.

బాక్స్ ఎంత బాగా కట్టినా దానిలోకి చల్లగాలి వచ్చే దారి చిన్నదైతే అది బాక్స్ కాదు, సీసా. దారి వైశాల్యం కనీసం పైపు వైశాల్యం అంత, వీలైతే ఒకటిన్నర రెట్లు. 86 మి.మీ. పైపుకి అది 58 చ.సెం.మీ., ఒకటిన్నర రెట్లంటే 87. ఫెండర్‌లో ఉన్న ఫ్యాక్టరీ రంధ్రాన్ని ముందు కొలవండి.

---

బాక్స్‌తీయకు:

అందరూ కట్టడం గురించే మాట్లాడుతున్నారు. అసలు ఫ్యాక్టరీ బాక్స్‌లో గాలి ఎక్కడ ఆగుతోందో కొలిచారా? బాక్స్ మూతి ఫెండర్ అంచున ఉందంటే ఆ బండికి కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ ఆల్రెడీ ఉన్నట్టే.

కొలవడానికి 6 మి.మీ. పారదర్శక గొట్టం 3 మీటర్లు, ఒక చెక్క, స్కేలు చాలు. గొట్టం ఒక కొసని యు ఆకారంలో చెక్కకి కట్టి, ఒక్కో కాలు 60 సెం.మీ. ఎత్తు ఉంచి, సగానికి రంగు నీళ్లు పోయండి. కాళ్లు పొట్టిగా ఉంటే నీళ్లు ఇంజిన్‌లోకి పోతాయి, జాగ్రత్త. రెండో కొస ఇన్‌టేక్‌లో మూడు చోట్ల పెట్టి చూడాలి: ఫిల్టర్‌కి ముందు బాక్స్ అడుగున, ఫిల్టర్ దాటాక మాఫ్‌కి ముందు, థ్రాటిల్‌కి ముందు. ఖాళీ రోడ్డు మీద, మూడో గేరులో, పూర్తి ఎక్సలేటర్, 5000 దాటాక నీటి మట్టాల తేడా చూడండి. 1 సెం.మీ. అంటే సుమారు 98 పాస్కల్. నడిపేవాడు నడపాలి, చూసేవాడు చూడాలి, రెండూ ఒక్కరే చేయకూడదు.

ఈ మూడు అంకెలు లేకుండా ఫిల్టర్ మార్చాలో, పైపు మార్చాలో ఎవరూ చెప్పలేరు.

---

ఆరుసిలిండర్:

కొలిచాను, 5200 దగ్గర. బాక్స్ అడుగున 12 సెం.మీ. ఫిల్టర్ దాటాక 17. థ్రాటిల్ ముందు 25. ఫిల్టర్ కొత్తదే. బాక్స్ మూతికి ఫెండర్ నుంచి వచ్చే ప్లాస్టిక్ కొమ్ము లోపల చూస్తే, మధ్యలో ఒక చోట 90 × 35 మి.మీ. మాత్రమే ఉంది. బాక్స్‌కీ థ్రాటిల్‌కీ మధ్య ఉన్నది మడతల రబ్బర్ గొట్టం, దాని పక్కన ఖాళీ డబ్బా ఒకటి వేలాడుతోంది.

---

బాక్స్‌తీయకు:

చూశారా. మొత్తం 25లో ఫిల్టర్ తింటున్నది 5. సగం దాకా ఆ కొమ్మే తింటోంది: 90 × 35 అంటే 31.5 చ.సెం.మీ., మీ మాఫ్ గొట్టం 42. గాలి మాఫ్ కంటే ఇరుకైన చోట దూరి వస్తోంది. కోన్ ఫిల్టర్‌తో మీరు గెలవగలిగేది ఆ 5లో రెండో మూడో.

బాక్స్ ఉంచండి, ఫిల్టర్ ఉంచండి, మాఫ్ కదపకండి. కొమ్ముకి తోడుగా బాక్స్ అడుగు భాగానికి రెండో దారి ఇవ్వండి. ఫెండర్ వైపు, లేదా గ్రిల్లు వెనక రేడియేటర్ పక్కన చోటుంటే అక్కడి నుంచి, 76 మి.మీ. గొట్టం. బ్రేకులకి గాలి పంపడానికి వాడే సిలికోన్ పూత గ్లాస్‌ఫైబర్ గొట్టం, లోపల స్టీలు తీగ ఉన్నది. బట్టలారబెట్టే మెషీన్ వెనక ఉండే రేకు గొట్టం వాడొద్దు, చిరిగి ముక్కలు ఫిల్టర్ మీద చేరతాయి. బాక్స్‌కి 76 మి.మీ. హోల్‌సాతో రంధ్రం కోసి అంచున్న ఫ్లాంజి నాలుగు ఎం5 స్క్రూలతో బిగించండి. ఇది ఫిల్టర్‌కి ముందు భాగం కాబట్టి రివెట్ అయినా ఫర్వాలేదు. రెండో మూతికి 6 మి.మీ. కళ్ల జాలీ వేయండి, ఆకులు, పురుగులు రాకుండా. పాత దారి 31.5, కొత్తది 45, కలిపి 76.5 చ.సెం.మీ.

ఆ తర్వాత ఇష్టమైతే మడతల గొట్టం తీసి స్పానర్13 చెప్పిన 86 పైపు వేయండి. అది మాఫ్ తర్వాతి భాగం కాబట్టి సెన్సార్ లెక్క పెద్దగా చెడదు. వేలాడుతున్న ఖాళీ డబ్బా రెజొనేటర్, గాలి హోరు తగ్గించడానికి పెట్టింది. అది తీస్తే లోడు మీద పోయేటప్పుడు క్యాబిన్‌లో "హూ" అనే శబ్దం వస్తుంది. కొందరికి అదే కావాలి.

---

స్పానర్13:

ఒప్పుకుంటున్నా, ఈ అంకెలు చూశాక నేనైనా బాక్స్ తీయను.

---

ట్రిమ్_లెక్క:

ఏది కట్టినా తర్వాత చూడాల్సినవి. ఓబీడీ అడాప్టర్ (ఈసీయూ లెక్కలు ఫోనులో చూపేది), ఫోను చాలు.

ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చూపే అంకెలు) రెండూ కూడండి. ఐడిలింగ్‌లో ఒకసారి, 2500 దగ్గర ఒకసారి. పని మొదలుపెట్టే ముందు కూడా ఇవే రాసి పెట్టుకోండి, పోల్చడానికి అదే కావాలి. తేడా 5 శాతం లోపు ఉంటే వదిలేయండి. 10 దాటితే ఎక్కడో తప్పు ఉంది. ఐడిలింగ్‌లో ప్లస్ ఎక్కువగా ఉండి 2500లో తగ్గిపోతే మానిఫోల్డ్ వైపు వాక్యూమ్ లీకు, పీసీవీ గొట్టం చూడండి. మాఫ్‌కి, థ్రాటిల్‌కి మధ్య కప్లర్ లీకైతే అలా తగ్గదు. రెండు చోట్లా దాదాపు అంతే ఉంటుంది, ఒక్కోసారి బండి లాగుతున్నప్పుడు పెరుగుతుంది కూడా, ఎందుకంటే ఇంజిన్ వాలినప్పుడే ఆ పగులు తెరుచుకుంటుంది. లోడు పెరిగే కొద్దీ ప్లస్ పెరుగుతూ పోతే మాఫ్ తక్కువ చదువుతోందని.

కోడ్ల సంగతి. పి0102 అంటే మాఫ్ సిగ్నల్ మరీ తక్కువ, పి0113 అంటే ఐఏటీ తెగినట్టు. ఈ రెండూ కలిసి వస్తే నూటికి తొంభై పాళ్లు సెన్సార్ కనెక్టర్ పెట్టడం మర్చిపోయారు. పి0101 వస్తే సెన్సార్ బతికే ఉంది గానీ దాని లెక్క నమ్మేలా లేదు, అంటే గొట్టం సైజో, వంపో, తీగ మీద జిడ్డో.

జిడ్డు అన్నాను కాబట్టి: నూనె పూసే కాటన్ ఫిల్టర్ వాడేవాళ్లు నూనె ఎక్కువ పోస్తే అది కొట్టుకొచ్చి వేడి తీగకి పట్టి కాలి గట్టిపడుతుంది. దాని మీద దుమ్ము చేరుతుంది. మాఫ్ కోసం అమ్మే స్ప్రేతోనే కడగాలి, కార్బురేటర్ క్లీనర్ వద్దు, దూది, బ్రష్ అసలే వద్దు, తీగ వెంట్రుకలా సన్నం. స్ప్రే చేశాక పూర్తిగా ఆరేదాకా కీ తిప్పొద్దు. కొత్తగా కొంటుంటే పొడి సింథటిక్ ఫిల్టరే తీసుకోవడం మేలు.

లీకు వెతకడానికి పెట్రోల్ ఆవిరి, స్టార్టింగ్ స్ప్రే వేడి ఇంజిన్ మీద కొట్టేవాళ్లని చూస్తుంటాం. అది నిప్పుతో చెలగాటం. ఫిల్టర్ కొసని రబ్బర్ గ్లౌజుతో మూసి, పొగ యంత్రంతో 5, 6 కిలోపాస్కల్ మించకుండా పొగ పంపండి, లీకున్న చోట దారంలా సన్నగా లేస్తుంది. సీలెంట్ వాడాల్సి వస్తే ఆక్సిజన్ సెన్సార్‌కి హాని చేయదని డబ్బా మీద రాసి ఉన్నదే వాడాలి. మామూలు సిలికోన్ ఆవిరి ఆ సెన్సార్‌ని చంపేస్తుంది.

---

మట్టిరోడ్డు:

ఐదో సందేహానికి ఎవరూ జవాబివ్వలేదు. ఫిల్టర్ బంపర్ వెనక్కి దించొద్దు. ట్రక్కు అంటేనే నీళ్లలో దిగేది. ఫిల్టర్ మునిగితే ఇంజిన్ నీళ్లు పీలుస్తుంది. నీళ్లు గాలిలా నొక్కుకోవు, పిస్టన్ పైకి వచ్చే దారి లేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఫిల్టర్ మీద తొడిగే నీళ్లు ఆపే గుడ్డ సంచి చిందులకే, మునకకి కాదు. ఫ్యాక్టరీ మూతి ఎంత ఎత్తులో ఉందో కొత్త దారి మూతి అంతకంటే కింద ఉండకూడదు. గ్రిల్లు వెనక నుంచి తెచ్చే ఆ 76 మి.మీ. గొట్టానికీ ఇదే వర్తిస్తుంది, దాని మధ్య భాగం మూతి కంటే కిందకి వేలాడకుండా కట్టండి. వేలాడితే వాన నీళ్లు ఆ కడుపులో చేరి, ఒక్కసారి గట్టిగా తొక్కగానే ముద్దగా బాక్స్‌లోకి వస్తాయి. బాక్స్ అడుగున ఫ్యాక్టరీ నీటి రంధ్రం ఉంటే మూసేయకండి, లేకపోతే అతి లోతైన మూలలో 6 మి.మీ. రంధ్రం ఒకటి పెట్టండి.

దుమ్ము రోడ్డు బండ్లకి ఇంకొకటి. నెల తిరిగాక ఫిల్టర్ తీసి, దాని తర్వాతి పైపు లోపల తెల్ల గుడ్డ చుట్టిన వేలితో తుడవండి. బూడిద రంగు పొడి అంటితే ఫిల్టర్ మూతి దగ్గర సీల్ లేనట్టు. ఆ పొడి నలుసులే రింగుల్ని, సిలిండర్ గోడల్ని ఆకురాయిలా అరగదీస్తాయి. టర్బో డీజిల్ అయితే కంప్రెసర్ చక్రం రెక్కల అంచులు ముందు పోతాయి. ఆ బండ్లలో ఇంటర్‌కూలర్ గాలిని ఎలాగూ చల్లబరుస్తుంది కాబట్టి ఈ పనంతటికీ ఫలితం ఇంకా తక్కువ.

---

ఆరుసిలిండర్:

అర్థమైంది, బాక్స్ ఉంచుతున్నా. ఫెండర్ లోపల, ఫ్యాక్టరీ కొమ్ము పక్కనే 80 మి.మీ. చోటుంది, ఎత్తు కూడా అంతే. గొట్టం అక్కడి నుంచే తెస్తా. ఒక్క సందేహం: ఇంతా చేశాక మైలేజీ పెరుగుతుందా?

---

ట్రిమ్_లెక్క:

పెరగదు. మామూలు నడకలో గాలిని ఆపుతున్నది థ్రాటిల్ పలకే, కొమ్ము కాదు. చిక్కటి గాలి వస్తే అదే వేగానికి మీరు ఎక్సలేటర్ ఇంకాస్త తక్కువ తొక్కుతారు, పలక ఇంకాస్త మూసుకుంటుంది. తేడా వచ్చేది పూర్తిగా తొక్కినప్పుడు, 3500 పైన. మూడో గేరులో మళ్లీ నీళ్ల గొట్టం పెట్టి చూడండి. బాక్స్ అడుగున 12 సెం.మీ. ఉన్నది 3 దరిదాపుల్లోకి రావాలి. 5 దాటితే కొత్త గొట్టం ఎక్కడో నలిగి ఉంది, లేదా జాలీ కళ్లు మూసుకుపోయాయి.